మొదటి గీత దాకా

“అంతేగా? మొదటి గీత దాకా పొయ్యాలి, తాగించాలి. దీనికింత ఉపన్యాసమా?” అన్నాడు ఆయన, ఫోన్లోంచి కళ్ళు తియ్యకుండా.

ఆమె చెప్పులేసుకుంటూనే ఇంకోసారి చెప్పింది. జ్వరం మందు ఒంటిగంటకి. సీసా బాగా కుదిపి. వంటింటి అలమరలో రెండో అర, సీసా పక్కనే చిన్న కప్పు, ఆ కప్పులో మొదటి గీత దాకా. ‘అయిదు మిల్లీలీటర్లు’ అన్న మాట నోటి దాకా వచ్చింది గానీ పెదాల దగ్గరే ఆగిపోయింది. పోయినసారి కూతురికి జ్వరమొచ్చినప్పుడు ఆ మాటంటే, “ఆఫీసు భాష ఆఫీసులో వదిలేసి రా. ఇంట్లో మనుషుల భాష మాట్లాడు. గీతేదో చూపించు, చాలు” అన్నాడు. అందుకని గీత చూపించడం నేర్చుకుంది. గీతల విషయంలో ఆమెకి మొదట్నుంచీ మంచి పేరే. ఎవరు గీసినా దాటదు.

సోఫాలో దుప్పటి కింద బుజ్జి మూలిగింది. నాలుగేళ్ళది. జ్వరమున్న పిల్లల్ని రానివ్వమని క్రెష్ వాళ్ళు ముందే చెప్పేశారు. ఆయన ఆ వారమంతా ఇంటినుంచే పని చేస్తున్నాడు కాబట్టి, “సరే, ఇవాళ్టికి బేబీసిట్టింగ్ నేను చేస్తాలే” అని, ఎవరో పొరుగువాళ్ళ పిల్లకి ఉపకారం చేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ ఇంగ్లీషు మాటలో సిట్టింగ్ ఆయన వంతు. బేబీ సంగతి ఎవరి వంతో ఆమెకి పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. అయినా థాంక్సండీ అంది. ఇంట్లో తండ్రి ఉన్నందుకు థాంక్స్ చెప్పాల్సిన పరిస్థితి ఏమిటని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. బస్సుకి టైమైంది.

ఆమె పని చేసే కంపెనీలో ప్లాస్టిక్ సీసాల మీదా మూతల మీదా అక్షరాలూ అంకెలూ అచ్చు వేస్తారు. షాంపూ అయినా, పళ్ళరసమైనా, గచ్చు తుడిచే మందైనా, అమెరికా వెళ్ళే సరుకైతే దానిమీద రెండు కొలతలుండాలి. ఒకటి అందరి లీటరు. రెండోది వాళ్ళ వాడుక కొలత. గ్యాలనంటే మూడు లీటర్ల ఏడొందల ఎనభై అయిదు మిల్లీలీటర్లు. గ్యాలన్లో నాలుగోవంతు క్వార్టు, క్వార్టులో సగం పింటు, పింటులో పదహారోవంతు ఔన్సు. ఔన్సంటే ముప్ఫై మిల్లీలీటర్లకి ఓ పిసరు తక్కువ. వీటిని వాటిల్లోకి మార్చడం, మార్చింది సరిగ్గా అచ్చయిందో లేదో కళ్ళు చికిలించి చూడడం ఆమె ఉద్యోగం. ‘ఔను’ తప్ప ఇంకో మాట రాని మనిషికి ఔన్సులప్పగించారని పక్క సీటావిడ ఏడిపిస్తుంటుంది. ఆ పక్క సీటావిడని అందరూ సీసాలక్క అంటారు, సీసాలు సర్దీ సర్దీ పేరు కూడా అందులోనే సర్దుకుపోయింది.

ఇంట్లో కూడా ఆమెది మార్పిడి ఉద్యోగమే. జీతం మాత్రం మారకుండా సున్నా దగ్గరే నిలబడింది. ఆయన ‘కొంచెం కాఫీ’ అంటే నిండు కప్పు. ‘కొంచెం ఆగు’ అంటే ఆ పని నువ్వే చేసుకో అని. ‘చూద్దాం’ అంటే చూడను. అత్తగారు ఫోన్లో “నేనేమీ అనుకోలేదమ్మా” అంటే కనీసం రెణ్ణెల్లు అనుకుంటారని. ఈ లెక్కలు ఏ బళ్ళోనూ చెప్పరు. దెబ్బ తగిలిన కొద్దీ వస్తాయి. “మా ఆవిడకి లెక్కలు బాగా వచ్చు, నన్ను లెక్కచెయ్యడమే రాదు” అని ఆయన స్నేహితుల ముందు అంటే అందరూ నవ్వుతారు. ఆమె ట్రేలో గ్లాసులు లెక్కపెట్టుకుంటూ నవ్వుతుంది.

మొన్నో కొత్త ఆర్డరొచ్చింది. బట్టలుతికే సబ్బు ద్రావణానికి మూతే కొలత కప్పు. లోపలి గీతలు మసగ్గా వస్తున్నాయని కొనేవాళ్ళు గోల. సూపర్వైజరు అందర్నీ పిలిచాడు. అందర్నీ అంటే ఆడవాళ్ళని. “మీ ఇళ్ళల్లో మందు కప్పులుంటాయిగా అమ్మా? తలో ఒకటి పట్టుకు రండి. ఎవరెవరు గీతలెలా వేశారో చూద్దాం. కొనడమెందుకు దండగ?” అన్నాడు. మగవాళ్ళ ఇళ్ళల్లో కప్పులుండవు కాబోలు, మందు సీసానే ఎత్తి తాగేస్తారు. ఆమె ఒక రోజు మర్చిపోయింది. “ఇంత చిన్న పని గుర్తుండదా?” అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. ఇవాళ మర్చిపోలేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కోసం సంచి తెరిచినప్పుడు కప్పు కనబడితే, తీసి బల్లమీద పెట్టింది.

“ఇదేంటి, లోపల ఇంకా తడిగా ఉంది?” అంది సీసాలక్క, వెలుతురుకి ఎత్తి చూస్తూ.

“పొద్దున బుజ్జికి మందు పోసి, కడిగి, అలాగే సంచిలో...”



పక్కనే ఉందని చెప్పిన కప్పు ఇక్కడుంది.

ముందు కాస్త ఊరట కలిగింది. కప్పు కనబడకపోతే ఫోన్ చేసి అడుగుతాడు. అడిగితే చెంచాతో ఎంతో చెబుతుంది. కానీ ఆ ఊరట ఊపిరి తీసుకునేంత సేపు కూడా నిలవలేదు. కప్పు కనబడుతుంది. అదే అరలో, అదే చోట, ఇంకో కప్పుంది. పెద్దాడపడుచు ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చిచ్చిన పెద్దవాళ్ళ దగ్గుమందు తాలూకుది. మందు అయిపోయింది, సీసా పోయింది, కప్పు మిగిలింది. ఏదీ పారేసే అలవాటు లేని ఇల్లాలు కాబట్టి కడిగి పెట్టింది. అంతే ఎత్తు, అంతే వెడల్పు, అలాగే పారదర్శకంగా ఉంటుంది. గీతలే వేరు. ఆ కప్పు మొదటి గీత దగ్గర ఏముంటుందో ఆమె గుర్తుచేసుకోనక్కర్లేదు. కళ్ళ ముందు కంప్యూటర్ తెర మీద సబ్బు మూత బొమ్మలో అదే గీత, పక్కనే ఆమె స్వయంగా కూర్చిన అంకెలు: అర ఔన్సు, 15 మి.లీ.

అయిదు పొయ్యాల్సిన చోట పదిహేను.

కప్పుకి నోరుంటే చెప్పేది. ఆయనకి చెవులుంటే వినేవాడు. ‘అయిదు మిల్లీలీటర్లు’ అని తన నోటితో అనుంటే, ఆ కప్పు మీద అయిదన్న అంకె లేదని చూసి ఒక్క క్షణమైనా ఆగుండేవాడేమో. తను గీతన్నది. గీతయితే అక్కడుంది. గీత ఉన్నప్పుడు ఆగేదెవరు?

గోడ గడియారంలో ఒంటిగంట దాటి ముల్లు కిందికి దిగుతోంది. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మీటింగులుంటాయని ఆయన ఫోన్ నోరు నొక్కి పక్కన పడేస్తాడు. ‘మందు పొయ్యద్దు, కప్పు అది కాదు’ అని మెసేజ్ పెట్టింది. వెళ్ళింది. చూసిన గుర్తు రాలేదు. క్లినిక్‌కి చేసింది. అక్కడ ఫోనెత్తే అమ్మాయి తాపీగా అడిగింది.

“ఎంత పోశారు?”

“పదిహేను... అంటే, పోశారో లేదో తెలీదండి.”

“ఎవరు పోశారు?”

“వాళ్ళ నాన్నగారు. నేను ఆఫీసులో ఉన్నాను.”

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. “తల్లి మీరేనా? డాక్టరమ్మ లోపల పేషెంటుతో ఉన్నారు. ముందు ఇంటికెళ్ళి పాప ఎంత తాగిందో చూడండి. ఎక్కువ తాగుంటే ఆలస్యం చెయ్యకుండా తీసుకొచ్చెయ్యండి. మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదని మేడమ్ ఎప్పుడూ చెప్తూనే ఉంటారుగా?”

ఎప్పుడూ చెప్తూనే ఉంటారు. ఆమె ఎప్పుడూ వింటూనే ఉంటుంది. ఆ గదిలోకి ఆయన ఎప్పుడూ రాలేదు. బయట కారు పార్కింగ్ చూసుకుంటాడు.

సూపర్వైజరు దగ్గరికెళ్ళి నిలబడితే, విషయం సగం వినకుండానే, “ఇంట్లో మీ ఆయనున్నాడన్నావుగా? తండ్రేగా, పరాయివాడేం కాదుగా?” అన్నాడు. తండ్రేనండీ, అదే భయం అందామనుకుంది. అనలేదు. “ఆడవాళ్ళతో ఇదేనయ్యా, ఔన్సు పనికి గ్యాలన్ సెలవులు!” అని పక్కనున్నవాళ్ళకేసి చూస్తే వాళ్ళు నవ్వారు. అలవాటు చొప్పున ఆమె కూడా నవ్వింది. కూతురు ఇంట్లో ఏ స్థితిలో ఉందో తెలియని మనిషి మొహం మీద ఆ నవ్వెలా వచ్చిందో ఆమెకే తెలీదు. మెట్ల మీద గుర్తొచ్చి, చేత్తో మూతి తుడుచుకుంది. సీసాలక్క పరిగెత్తుకొచ్చి సంచీ, అందులో ఆ కప్పూ చేతిలో పెట్టి, “పోవే, నేను చూసుకుంటాలే ఇక్కడ” అంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే దిగి పరిగెత్తాలనిపించింది. ప్రతి స్టాపులోనూ ఎక్కేవాళ్ళు తీరిగ్గా ఎక్కుతున్నారు. ఆమె మనసు మార్పిడి మిషనులా దానంతటది తిరగడం మొదలుపెట్టింది. పదిహేను మిల్లీలీటర్లు అర ఔన్సు, అర ఔన్సు ఒక పెద్ద చెంచా, పెద్ద చెంచా మూడు చిన్న చెంచాలు, మూడు చెంచాలంటే పద్దెనిమిది గంటల మందు ఒక్క గుక్కలో, ఆ ఒక్క గుక్క ఎంత పొట్టలోకి, ఎంత కాలేయంలోకి, బుజ్జి కాలేయం ఎంతుంటుంది, దాని గుప్పిడంతేనా, దాని గుప్పిడంటే తన బొటనవేలు పట్టుకునేంతే కదా. అంకెలు అక్కడాగి, వేరే లెక్క మొదలైంది. ఏం చెప్పాలి? కప్పు ఆఫీసుకి ఎందుకు తీసుకెళ్ళావంటే ఏం చెప్పాలి? సూపర్వైజరు అడిగాడంటే, “ఆఫీసువాడడిగితే ఇంట్లో మందు కప్పు ఎత్తుకుపోతావా?” అంటాడు. ఆ రెండో కప్పు ఎందుకు ఉంచావంటే? పోయినేడు బుజ్జి ముక్కాలిపీట మీదనుంచి పడి గడ్డం చిట్లినప్పుడు ఆయన పక్కనే కూర్చుని టీవీ చూస్తున్నాడు. అత్తగారు వచ్చి, “వాడు పక్కనే ఉన్నాడు సరే, నువ్వెక్కడున్నావ్?” అన్నారు. అప్పుడామె ఆ టీవీ ముందు కూర్చున్నవాళ్ళకే ఏదో వేయిస్తోంది. ఇప్పుడూ అదే అడుగుతారు. నువ్వెక్కడున్నావ్? అప్పుడిలా అనాలి, ముందు తనే ఒప్పేసుకుంటే కోపం తగ్గుతుంది, “నాదే తప్పండీ” అని మొదలెట్టి, మెల్లిగా...

టక్కున ఆగింది. బస్సు కాదు, ఆమె.

ఎంతసేపట్నుంచి బుజ్జి గురించి ఆలోచించడం లేదు తను?

ఇన్నాళ్ళూ ద్రవాల్ని కొలిచిన మనిషి, ఆ కిటికీ పక్కన కూర్చుని మొదటిసారి తన భయాన్ని కొలిచి చూసుకుంది. పిల్లకేమవుతుందోనన్న భయమొకటి, నన్నేమంటారోనన్న భయమొకటి. రెండూ ఒకే పాత్రలో కలిసి ఉన్నాయి. విడగొట్టి చూస్తే రెండోదే ఎక్కువ తూగింది. పిల్ల ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా తల్లి మనసులో పిల్లకి మిగిలింది అడుగు బొట్టేనా? మిగతా చోటంతా ఎవరు నింపారు? ఇంత భయం తనే పోసుకుందా, రోజూ ఓ చెంచా చొప్పున ఎవరో పోస్తే తాగిందా? దగ్గుమందు తాగినంత బుద్ధిగా, గీత దాకా?

తలుపు తాళం తీసి లోపలికెళ్ళింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సోఫాలో బుజ్జి పొద్దున పడుకున్న వైపే పడుకుని ఉంది. కదలడం లేదు. వంటింట్లో సింకు పక్కన ఆ రెండో కప్పు బోర్లించి ఉంది. ఎత్తి చూసింది. తడిగా ఉంది. అంచు లోపల గులాబీ రంగు బొట్టొకటి. బుజ్జి మందు కూడా గులాబీ రంగే.

కప్పు చేతిలోనే పట్టుకుని లోపలి గదిలోకి నడిచింది. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని లాప్‌టాప్ ముందున్నాడు. ఆమె ఒకదాన్ని లాగేసింది. పెళ్ళయ్యాక ఆయన ఒంటి మీదనుంచి ఆమె ఏదైనా లాగడం అదే మొదలు.

“ఎంత పోశారు?”

“ఏంటి? ఏమైంది? ఇంత తొందరగా వచ్చావేం?”

“దీంతో ఎంత పోశారు బుజ్జికి?”

“దాంతోనా? పన్నునొప్పిగా ఉంటే పుక్కిలించుకున్నాను. ఆ గులాబీ రంగు నీళ్ళ మందు లేదూ, మౌత్ వాష్, దాంతో. కడిగే పెట్టానుగా, ఏంటి గొడవ?”

“మరి బుజ్జి మందు?”

ఆయన కాస్త సర్దుకున్నాడు. “పడుకుంది కదా, లేపడమెందుకని... మందంటే ఏడుస్తుంది కూడా. నువ్వెలాగూ సాయంత్రం వస్తావుగా, నువ్వైతే బాగా పట్టిస్తావని ఊరుకున్నా.”

ఆమె నమ్మలేదు. అలమర తీసి సీసాని వెలుతురుకి పట్టుకుంది. పొద్దున మోతాదు పోశాక మందు లేబుల్ పై అంచుకి సరిగ్గా తాకి ఉండడం వృత్తి కొద్దీ గమనించింది. ఇప్పుడూ అక్కడే ఉంది. మనిషి మాట కన్నా సీసాలో మట్టం నయం, అబద్ధమాడదు.

పోసింది సున్నా. మిల్లీలీటర్లలో సున్నా, ఔన్సుల్లో సున్నా, గ్యాలన్లలోకి మార్చినా అదే సున్నా. ఇంత తేలికైన మార్పిడి ఆమెకి ఉద్యోగంలో ఎప్పుడూ తగల్లేదు.

సోఫా దగ్గర కూలబడి బుజ్జిని ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల ఒళ్ళు పెనంలా ఉంది. థర్మామీటరు నూట మూడు చూపించింది. బుజ్జి కళ్ళు సగం తెరిచి, “అమ్మా, దాహం, నాన్నని పిలిచాను” అంది. ఎన్నిసార్లు పిలిచిందో అడగలేదు ఆమె. ఎక్కువైందేమోనని చచ్చినంత పనై వచ్చింది, తీరా చూస్తే అసలు లేనే లేదు. మందే కాదు, మంచినీళ్ళు కూడా. చేతికందిన నీళ్ళ సీసా పిల్ల నోటికందిస్తూ, కప్పు సంగతి చెప్పింది. ఏదీ దాచలేదు. తను సంచిలో వేసుకెళ్ళడం, ఆ రెండోది అక్కడే మిగలడం, అయిదుకి పదిహేను.

ఆయన మొహం మెల్లిగా వెలిగింది.

“ఆగాగు! అంటే నువ్వు చెప్పినట్టు నేను పోసుంటే మూడింతలు పడేదన్నమాట! చూశావా మరి? పొయ్యకపోవడమే మంచిదైంది. నా బద్ధకమే దాన్ని కాపాడింది!” ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. “అబ్బో, ఇన్ని మిస్డ్ కాల్సా? ఉండు, ఇది మా అమ్మకి చెప్పాలి. కొలతల ఆఫీసరు గారి కొలతలు ఇలా ఉన్నాయని!”

ఆ కథ పుట్టడం ఆమె కళ్ళారా చూసింది. రేపు అత్తగారి నోట, ఎల్లుండి ఆడపడుచుల నోట, ఆ తర్వాత ప్రతి విందులోనూ, ట్రే పట్టుకుని ఆమె నిలబడి ఉండగా. ఆ నవ్వులు కూడా వినపడ్డాయి. ఎప్పటిలా గుండె జారుతుందని ఎదురుచూసింది. జారలేదు. బస్సులో అంతసేపూ పక్కన కూర్చున్న ఆ రెండో భయం ఏ స్టాపులో దిగిపోయిందో, ఇంటి దాకా రాలేదు. ఉన్నదొక్కటే, ఒళ్ళో కాలుతోంది.

“చెబుదురుగానీ. ముందు మందు పోసుకు రండి” అంది.

“నేనా? నువ్వొచ్చావుగా.”

“నా ఒళ్ళో ఇదుంది. సరైన కప్పు నా సంచిలో ఉంది. అయిదు మిల్లీలీటర్లు.”

ఈసారి అంకె చెప్పింది. గీత అనలేదు. ఆయన ఏదో అనబోయి, ఆమె మొహం చూసి లేచాడు. కప్పు తీశాడు. సీసా మూత తియ్యబోతే, “కుదపాలి” అంది. కుదిపాడు. మూత రాలేదు. “నొక్కి తిప్పాలి” అంది. నొక్కి తిప్పాడు. మందు కప్పులోకి ఒలికే ముందు ఆయన చెయ్యి ఆగింది.

“ఎక్కువ పడితే?”

“ఏమవుతుందో ఇందాకే చెప్పానుగా.”

“ఓయ్, భయపెట్టకు.”

ఆమె బుజ్జి నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోస్తోంది. ఆయన పోశాడు, ఆగాడు, ఇంకో రెండు చుక్కలు పోశాడు, ఎక్కువైందేమోనని ఒక చుక్క వెనక్కి ఒంపాడు. కిటికీ దగ్గరికెళ్ళి కప్పుని కంటికెదురుగా ఎత్తి పట్టుకున్నాడు. మందు లోపల అలలు అలలుగా ఊగుతోంది, కప్పు పట్టుకున్న వేళ్ళు కుదురుగా లేవు. ఏడేళ్ళ కాపురంలో ఆ వేళ్ళు వణకడం ఆమె చూడలేదు. స్టీరింగ్ మీద వణకలేదు, ఆమె వైపు చూపించినప్పుడు అసలే వణకలేదు. నవ్వు పోయింది, అమ్మకి చెయ్యాల్సిన ఫోను పోయింది. మొహంలో పాలిపోయిన తెలుపొకటి మిగిలింది, ఆమె రోజూ అద్దంలో చూసుకునే తెలుపే.

“సరిగ్గానే ఉందంటావా? అటో ఇటో తెలియట్లేదు నాకు. నీకు అలవాటేగా, ఒక్కసారి చూసి చెప్పవూ?”

ఆ గొంతులో బతిమాలుకోలు ఉంది. ఆమె చెయ్యి దానంతటది లేవబోయింది. దాన్ని పట్టుకుని, బుజ్జి వీపు మీద పెట్టుకుంది.

“నాకు ఇక్కణ్ణించి కనబడట్లేదు. మీరే చూసుకోండి” అంది.

ఆమెకి కప్పు, కప్పులో మందు, మందుకి సరిగ్గా ఆనుకున్న అయిదు అంకె, దాని వెనక వణుకుతున్న వేళ్ళూ, అన్నీ శుభ్రంగా కనిపిస్తూనే ఉన్నాయి.